కిందికి దింపకూడని నౌక

మా సీరియల్‌లోని అంతరిక్ష నౌక నాచారంలో మూతబడ్డ ఒక ఫ్యాక్టరీ షెడ్డులో ఉండేది. అట్టలు, వెండి కాగితం, పాత కూలర్ ఫ్యాన్లు. నేను డైలాగులు రాసేదాన్ని. కథ చిన్నది. ఒక కూతురు తిరిగి రాలేనంత దూరం వెళ్లిపోతుంది. వారానికోసారి భూమి నుంచి తల్లి మాటలు అందుతాయి. అవి చేరేసరికి ఏళ్లు గడిచిపోతాయి కనుక, వింటున్నప్పటికి తల్లి ఉందో లేదో కూతురికి తెలీదు.

తల్లికి గొంతు ఇవ్వడానికి వచ్చినవాళ్లంతా మైకు ముందు వెక్కి వెక్కి ఏడ్చేవాళ్లు. డైరెక్టర్‌కి తల బొప్పికట్టింది. ఒకరోజు ఉప్పల్ నుంచి నాకు క్యారియర్ తెచ్చిన మా అమ్మ, తిండి మానేసి తిరుగుతున్నానని అందరి ముందూ చీవాట్లు పెడుతుంటే విని, మైకు ఆమె ముందు పెట్టాడు.

"అమ్మా, ఏడ్వొద్దు. ఇయ్యాల ఏం వండిన్రో చెప్పుండ్రి, సాలు."

అమ్మ చెప్పింది. బీరపొట్టు పచ్చడి చేశానంది, మంచినీళ్లు రాలేదంది, నీ కంచం రోజూ కడిగి బోర్లిస్తున్నానంది. డైరెక్టర్ ఆ గొంతే ఖాయం చేశాడు. అప్పట్నుంచి ప్రతి వారం జరీ చీర కట్టుకుని షేర్ ఆటో ఎక్కేది. వినబడేది గొంతేగా, చీరెందుకంటే వినేది కాదు. రామంతాపూర్‌లో కూరలు కొంటుంటే ఎవరో గొంతు గుర్తుపట్టారని వారమంతా చెప్పుకుంది.

ఏడాది తిరక్కముందే ఛానెల్‌వాళ్లకి రేటింగు చాల్లేదు. సీరియల్‌ని రోజువారీ చేశారు. నౌకను భూమ్మీదకి దింపించారు. కూతురికి పెళ్లిచేసి అత్తగారిని తెచ్చారు, కంట్రోల్ రూముకి పసుపు రాసి పూజగది చేశారు. తల్లి ఇప్పుడు ఎదురుగా కనిపించాలి కనుక వేరే నటి వచ్చింది. అమ్మ ఆ సీరియల్ మళ్లీ పెట్టలేదు.

"దాన్ని పైనే ఉండనివ్వాల్సింది," అంది ఒకసారి, వంకాయలు తరుగుతూ.

ఆ సీరియల్ ఎలా బాగుపడేదని నన్నెవరైనా అడిగితే ఇప్పటికీ అదే చెబుతాను. ఆ దూరమే కథకి ప్రాణం. దింపి చంపేశారు.

తర్వాత రెండేళ్లకి అమ్మ పోయింది. ఇంట్లో ఫొటోలున్నాయి, గొంతు లేదు. టీవీలో వచ్చింది రికార్డు చేసుకునే మిషను మాకెప్పుడూ లేదు. పాత టేపులు అడుగుదామని షెడ్డుకి వెళ్లాను. ఎడిటర్ బీరువా తెరిచి, నావైపు చూడకుండా చెప్పాడు.

"అక్కా, ఛానెలోళ్లు కొత్త టేపులు ఇయ్యలేదు గదా. గా పాతవాటి మీదనే పెండ్లి ఎపిసోడ్లు ఎక్కించినం."

ఒకటి పెట్టమన్నాను. మేళం, అత్తాకోడళ్ల అరుపులు. ఎక్కడైనా అమ్మ మాట ఒక్క ముక్క చెరగకుండా ఉంటుందేమోనని అయిపోయేదాకా కూర్చున్నాను. ఇంకోటి పెట్టమన్నాను.