పంచె కట్టుకున్నంతసేపు

మా చేతుల మేడమ్ పోయిందని జమ్మలమడుగు నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే గుండె ఆగిందట. నాకంటే ఎంత చిన్నది! ఆ దేవుడికి కళ్ళున్నాయా అసలు? ఫోను పెట్టేసి మంచం మీద కూర్చుంటే, మిట్టమధ్యాహ్నం కూడా ఇల్లంతా మంచు పట్టినట్టు అనిపించింది.

ఆమెది ఆక్యుపేషనల్ థెరపిస్టు ఉద్యోగం. కొండాపురం పక్కన మా డ్యాము ముంపువాళ్ళ కాలనీలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. పక్షవాతం వచ్చినవాళ్ళ ఇళ్ళకు వచ్చి, స్నానం, తిండి, బట్టలు మళ్ళీ ఎవరివి వాళ్ళు చూసుకోవడం నేర్పేది. అందుకని చేతుల మేడమ్ అన్నాం.

నాకు కుడిపక్క పడిపోయాక పొద్దున్నే నా కొడుకు పంచె కట్టేవాడు. వాడికి బస్సు తొందర. మీసం నెరిసిన మనిషిని, పసిపిల్లోడిలా వాడి ముందు నిలబడాలి. ఆ సిగ్గుతో వీధిలోకి పోవడమే మానేశాను. వాడు ప్రొద్దుటూరు నుంచి ఎలాస్టిక్ ప్యాంట్లు తెస్తే విసిరికొట్టాను.

మొదటిరోజు ఆమె, "ఏం మామా, నీకేం చేసుకోవల్లని ఉంది?" అంది.

"చెయ్యి రావల్ల."

"వస్తాదో రాదో నేను చెప్పలేను. అదొచ్చేదాకా బతుకు ఆపి పెట్టుకుంటావా? ఒక పని చెప్పు."

"పంచె కట్టుకోవల్ల. నా అంతట నేను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తర్వాతి వారం వచ్చి, "మా ఆయన పంచె తీసుకొని, కుడిచెయ్యి వెనక్కి పెట్టుకొని కట్టి చూసినా మామా. శానాసార్లు ఊడిపోయింది!" అని పగలబడి నవ్వింది. నా భార్య పెట్టిన ఉడకేసిన చెనిక్కాయలు తింటూ, పొట్టు తన హ్యాండుబ్యాగులోనే వేసుకుంటూ, కిటుకు చెప్పింది. గోడకు ఆనుకొని, పంచె కొసను గోడకూ నడుముకూ మధ్య నొక్కిపెట్టాలి. మిగతాది మంచి చేత్తో చుట్టూ తెచ్చి దోపుకోవాలి.

వినడానికి సులువే. మీరు ఒకసారి కట్టి చూడండి, తెలుస్తుంది! జారిన ప్రతిసారీ నా భార్య పరుగెత్తుకొచ్చేది. మేడమ్ ఆమె చెయ్యి పట్టి ఆపేది.

"జారనీమ్మా. మళ్ళా ఎత్తుకుంటాడు."

"నీకేం, చూస్తా నిలబడినావు!" అని తిట్టేవాణ్ణి.

"పట్టుకునేది ఎవరైనా చేస్తారు మామా. పట్టుకోకుండా నిలబడేదే నాకు కష్టం."

ఒకరోజు, "ఈ పొద్దు నేను చూడను," అని వాకిలి దగ్గర స్టూలు వేసుకొని, నాకు వీపు పెట్టి కూర్చుంది. బయట తెల్లటి ఎండ. వీధిలో బొరుగులమ్మేవాడి కేక దూరంగా వినిపిస్తోంది.

"అయిందా మామా?"

"ఇంకా లేదు."

చాలాసేపటికి, "అయింది," అన్నాను.

తిరిగి, నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "యాడికి పోతాండావు?"

"టీ తాగేదానికి."

ఆమె కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడూ పొద్దున్నే గోడకానుకొని పంచె చుట్టుకుంటాను. వాకిలి వెలుతురులో ఆమె నాకు వీపు పెట్టి కూర్చున్నట్టే ఉంటుంది. కొస దోపుకొని, "అయిందమ్మా," అంటాను.

తిరగదు.