డాబా మీద చేతులూపిన బొమ్మ

మా అత్తగారు జాలరిపేటలో పుట్టి పెరిగిన మనిషి. డాబా మీద నెత్తళ్ల చేపలు ఎండబెట్టిందంటే కాకులు రాకుండా కర్ర పట్టుకుని పొద్దంతా అక్కడే కూర్చునేది. ఒక వేసవిలో కళ్లు తిరిగి గోడ పట్టుకుని నిలబడింది. ఇక ఆవిణ్ణి ఎండలో ఉండనివ్వకూడదనుకున్నాను.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెబుతాను. పుట్టిల్లు ఆనందపురం దగ్గర పల్లె. చేలో దిష్టిబొమ్మల్ని చూస్తూ పెరిగాను. అలాంటి బొమ్మకే చేతులు ఆడేలా చేస్తే సరి అనిపించింది. చెప్పినంత మేరకే తిరిగి ఆగిపోయే చిన్న సర్వో మోటార్లు రెండు, వాటిని నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డు, ఫోను మాట దానికి అందించే బ్లూటూత్ ముక్క కొన్నాను. బొమ్మ భుజాల్లో మోటార్లు బిగించి, సన్నటి వెదురుపుల్లలు చేతులుగా కట్టి, మా ఆయన పాత చొక్కా తొడిగాను. ఫోనులో చిన్న యాప్ తయారుచేశాను. ఎడమ చేతికి ఒక బటను, కుడి చేతికి ఒకటి.

మొదటిసారి నొక్కితే రెండు చేతులూ గజగజ వణికాయి.

"దీనికేటే, సలిజ్వరమా?" అంది అత్తగారు.

బోర్డు ఇచ్చే కరెంటు మోటార్లకు చాలడం లేదు. వాటికి వేరే బ్యాటరీ పెట్టి, దాని నెగటివ్ తీగను బోర్డు నెగటివ్‌తో కలిపాను. ఈసారి చెయ్యి నిటారుగా లేచింది. కాకులు చెదిరిపోయాయి. అత్తగారు మెట్లగది నీడలో ఫోను ఒళ్లో పెట్టుకుని, కాకి వాలినా వాలకపోయినా నొక్కుతూనే ఉంది.

పక్క డాబా ఆవిడకూ మా అత్తగారికీ కుళాయి దగ్గర మాటామాటా వచ్చి చాన్నాళ్లుగా పలకరింపుల్లేవు. ఆ సాయంత్రం ఆవిడ ఆరిన బట్టలు తీయడానికి పైకొచ్చేసరికి బొమ్మ ఆవిడకు ఎదురుగా చెయ్యి ఊపింది.

"ఏటి, నీ బొమ్మ నన్ను పిలుత్తంది?" అంది.

అత్తగారు ఫోను వంక చూసింది, నా వంక చూసింది. "కాకి అనుకున్నాదేమో."

పక్కావిడ మూతి ముడుచుకుంది గానీ ఆపుకోలేక ఫక్కున నవ్వేసింది. మా అత్తగారూ నవ్వింది.

"రా, నువ్వూ నొక్కి సూద్దువు గాని."

ఆవిడ వచ్చింది. మర్నాటి నుంచి ఆవిడ చేపలు కూడా మా డాబా మీదే. ఎడమ చెయ్యి ఒకరిది, కుడి చెయ్యి ఒకరిది. కొన్నాళ్లకు కాకులు అలవాటుపడిపోయి బొమ్మ నెత్తి మీదే వాలసాగాయి.

"తలకాయ కూడా తిరిగితే గానీ ఇయి బెదరవే" అన్నారు ఇద్దరూ ఒక్కమాటగా.

ఆదివారం వెళ్లి ఇంకో మోటారు తెచ్చాను.