నాచారం కారులో ఇంజిన్ లైటు

నాచారం పారిశ్రామికవాడలో నేను డ్యూటీకి చేరింది జూన్‌లో, ఒక సోమవారం ఉదయం ఏడున్నరకి. సన్నగా వాన పడుతోంది. ఉప్పల్ మెట్రో దిగి ఆటో ఎక్కాను. రోడ్డు సగం తవ్వి ఉంది. నా సామానంతా ఒక ట్రంకుపెట్టె, ఒక టార్చి. పదిహేడేళ్లు సైన్యంలో బండ్ల విభాగంలో పనిచేసి హవల్దారుగా బయటికొచ్చాను. మందుబిళ్లలు ప్యాక్ చేసే కంపెనీ ఒకటి నన్ను సెక్యూరిటీ సూపర్వైజరుగా తీసుకుంది. మా శ్రీకాకుళంలో అందరూ సరిహద్దు కబుర్లే అడుగుతారు. నాచారంలో చేసిన ఎనిమిది నెలల గురించి ఎవరూ అడగరు.

మేనేజరు మొదటి రోజే ఆదేశాలిచ్చాడు. వచ్చే బండీ పోయే బండీ రిజిస్టరులో ఎక్కాలి. బయటికెళ్లే మనుషుల్ని చేతులెత్తించి తనిఖీ చేయాలి. ఎవరినీ నమ్మకూడదు, ముఖ్యంగా డ్రైవర్ని.

డ్రైవరు పేరు డేవిడ్. మోత్కూరు వైపు మనిషి. నలభై ఏళ్లుంటాయి. భార్యాపిల్లలతో అన్నోజిగూడలో అద్దెకుండేవాడు. కంపెనీ తెల్లకారు అతని చేతిలో ఉండేది. పొద్దున్నే మొదటి షిఫ్టు కెమిస్టులను హబ్సిగూడలో ఎక్కించుకొచ్చేవాడు. పనిలో ఎవరికైనా బాగోలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. మాట తక్కువ. మాట తక్కువ మనిషిని అనుమానించడం నాకు సైన్యంలో పట్టిన అలవాటు. అక్కడ అది పనికొచ్చింది.

సెప్టెంబరులో ఒక శనివారం ఇంజిన్ ఆయిల్ మార్పించడానికి మల్లాపూర్ దారిలోని షెడ్డుకి కారు తీసుకెళ్లాడు. రిజిస్టరులో ఉంది: బయటికి 10.10, లోపలికి 1.25. ఆ పని నలభై నిమిషాలది. ఎక్కడున్నావని అడిగాను. షెడ్డులోనే అన్నాడు. అంతసేపు ఏం చేశావంటే నేల చూశాడు.

"ఆయిల్ మార్పిచ్చిన సార్. ఇంకేం జేస్త?"

ఆ జవాబు నాకు నచ్చలేదు. పాత ఆయిలే ఉంచి కొత్తదానికి బిల్లు తెచ్చాడేమో అనిపించింది. సాయంత్రం 5.40కి కారు దగ్గర ఎవరూ లేరు. బానెట్ ఎత్తాను. ఆయిల్ పోసేచోట మూత తిప్పి టార్చి వేసి చూశాను. ఆయిల్ తేనెరంగులో, కొత్తగానే ఉంది. అయినా అనుమానం తీరలేదు. వెనక అడుగుల చప్పుడైంది. గబగబా మూత పెట్టి బానెట్ దించాను. వచ్చింది డేవిడే. కార్లో మరిచిపోయిన టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున 6.40కి వాకీటాకీలో గేటు గార్డు పిలిచాడు.

"సార్, కారొచ్చింది. ఇంజిన్ లైటు ఎలుగుతుందంట. డేవిడన్న పరేషాన్ల ఉన్నడు."

వెళ్లి చూశాను. మీటర్ల మధ్య పసుపు లైటు, ఇంజిన్ బొమ్మ. బండి నిలబడ్డచోట సన్నగా వణుకుతోంది. బానెట్ ముట్టుకోవద్దని డేవిడ్‌తో గట్టిగా చెప్పాను. అతన్ని గేటు దగ్గరే ఉంచి కారు నేనే షెడ్డుకి నడుపుకెళ్లాను. మెకానిక్ స్కానర్ పెట్టాడు. ఇంజిన్‌లోకి ఎక్కడినుంచో ఎక్కువ గాలి పోతోందని వచ్చింది. అతను ఒక సెన్సరు తుడిచి లైటు ఆర్పేశాడు. శనివారం డేవిడ్ ఎంతసేపు ఉన్నాడని అతన్నే అడిగి ఉండాల్సింది. అడగలేదు. ఇద్దరూ కలిసే చేస్తున్నారని నా లెక్క.

మర్నాడు పొద్దున లైటు మళ్లీ వెలిగింది. నేను అయిదు వాక్యాల రిపోర్టు రాశాను. రెండు గంటల పైచిలుకుకి డ్రైవరు జవాబు చెప్పడం లేదని ఆఖరి వాక్యం. మధ్యాహ్నం మూడింటికి మేనేజరు డేవిడ్ దగ్గర తాళాలు తీసుకుని పనిలోంచి పంపేశాడు. డేవిడ్ వాదించలేదు. తప్పు చేశాడు కాబట్టే వాదించలేదనుకున్నాను.

బుధవారం పది గంటలకు ఇంజిన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి నిలబడ్డాను. ఆయిల్ మూత దగ్గర సన్నగా బుస్సుమంటోంది. మూత మీద అరచేయి వేసి నొక్కాను. ఇంజిన్ వణుకు ఆగింది. చేయి తీశాను. మళ్లీ వణికింది. ఇంజిన్ ఆపి మూత విప్పాను. లోపలి రబ్బరు రింగు ఒకవైపు జారి మడతపడి ఉంది. గాలి అక్కడినుంచే లోపలికి పోతోంది. శనివారం సాయంత్రం ఆ మూత ఆఖరిసారి పెట్టింది నేను.

కొత్త రింగు కోసం షెడ్డుకి వెళ్లాను. ఈసారి అడిగాను.

"ఆఖరి చుక్క కారేదాంక బోల్టు బిగించనియ్యలే సాబ్," అన్నాడు మెకానిక్. "గా స్టూలు మీద్నే కూసున్నడు. పాత ఆయిల్ జర గూడ ఉండొద్దంటడు."

రింగు వేయించి, స్కానర్‌తో లోపం కోడు చెరిపించాను. లైటు మళ్లీ రాలేదు. తప్పు నాదని మేనేజరుకి రాసిచ్చాను. కొత్త డ్రైవరు వచ్చేశాడని, తీసేసినవాణ్ణి మళ్లీ పిలిస్తే గేటు దగ్గర ఎవరూ లెక్కచేయరని అన్నాడు. ఇంకో రెండుసార్లు అడిగాను. ఆ సంగతి వదిలేయమన్నాడు.

ఆదివారం అన్నోజిగూడ వెళ్లాను. డేవిడ్ ఇటుకల వ్యాను నడుపుతున్నాడు. రోడ్డుపక్కన నిలబడి జరిగిందంతా చెప్పాను, ఆ మూత విప్పి పెట్టింది నేనేనన్న సంగతితో సహా. అంతా విన్నాడు.

"మీరు మూత తీసుడు నేను సూసిన సార్. డబ్బా కోసం ఒచ్చిన గద."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నమ్మేటోళ్లా?"

క్షమించమన్నాను. సరే సార్ అని వ్యాను ఎక్కాడు.

ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చి సికింద్రాబాదులో రైలెక్కి ఇంటికొచ్చేశాను. మంచుకొండల మీద చూసినవి చాలావరకు మసకబారాయి. అన్నోజిగూడలో మొదటి క్షణం మాత్రం పోలేదు. నేను మామూలు చొక్కాలో ఉన్నాను. అది గేటు కాదు. వ్యాను వెనకనుంచి ఇటుక దుమ్ముతో వచ్చి, నన్ను చూడగానే, గేటు దగ్గర తనిఖీకి నిలబడ్డట్టు డేవిడ్ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.