సేమ్యా కంపెనీకి పసుపు పూసిన జాబు

మొన్న ఆదివారం పాయసం చేసుకుందామని సేమ్యా పొట్లం కత్తిరిస్తూ ఉంటే, దాని వెనుక చిన్న అక్షరాల్లో మీ అభిప్రాయం పంపండి, బహుమతి గెలుచుకోండి అని ఒక ఫోను నంబరు కనబడింది. కడపలో ఈ రెండు గదుల ఇంట్లో నా అభిప్రాయం అడిగేవాళ్లు ఎవరున్నారు గనుక, తీరుబడిగా కూర్చొని నాలుగు వాక్యాలు కొట్టి పంపాను. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేలోపే జవాబు వచ్చేసింది. నా మాట వాళ్లకు ఎంతో విలువైనదట. ఆ వెంటనే ఒక ప్రశ్న, మీ ఇంట్లో ఎంతమంది ఉంటారు, అంకె నొక్కండి అని. ఏం తొందరొచ్చిందో దానికి! ఫోను బోర్లా పెట్టేసి పొయ్యి దగ్గరికి పోయాను గానీ, పాలు కాగేలోపు నా మనసు బేతంచెర్ల చేరిపోయింది.

నాకు మొదటి ఉద్యోగం అక్కడి బడిలో. మాది మగ్గాల ఇల్లు, పొద్దు లేచింది మొదలు చప్పుడే చప్పుడు, అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని ఒక కిరాణా అంగడి వెనుక ఒంటి గదిలో అద్దెకు దిగాను. బండల్ని నునుపు చేసే మిషన్ల నుంచి తెల్లని దుమ్ము లేచి ఊరంతా పరుచుకునేది, పొద్దున తుడిచిన అరుగు మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. నేను రాసేదాన్ని కూడా, నా పేరే, వేరే ఎవరి పేరు రాయాలో తెలియక. అంగడి ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె పలకరిస్తే పలకరింపు, లేకపోతే బడి విడిచిన తరువాత మళ్లీ బడి గంట కొట్టే వరకు నా గొంతు నాకే వినబడేది కాదు.

ఉద్యోగంలో చేరే ముందే ఒక సంబంధం వచ్చి చూసి పోయింది. దూరపు బంధువులే, వరసకు బావ అవుతాడు, కడపలో గుమాస్తా. పోతూ పోతూ చెప్పులు వేసుకుంటూ, నేను చేరబోయే బడి చిరునామా అడిగి, ఏ సంగతీ నేనే జాబు రాస్తానన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకొని బేతంచెర్లలో రోజూ పోస్టాయన సైకిలు కోసం కండ్లు కాయలు కాచేలా చూశాను. ఎదురుచూడటం కన్నా, ఎదురుచూస్తున్నానని నలుగురికీ తెలిసిపోవడం ఎక్కువ బాధ. పోస్టాయనకు తెలిసిపోయింది, నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేవాడు. పెద్దమ్మకూ తెలిసింది.

అందుకని ఒక ఉపాయం పన్నాను. నాకు ఉత్తరాలు రావడానికి వేరే కారణం కల్పించుకుంటే నా పరువు నిలుస్తుంది కదా! పెద్దమ్మ అంగడిలోని ప్రతి పొట్లం మీదా, ప్రతి సీసా మీదా కంపెనీ చిరునామా ఉండేది. బిస్కెట్ల కంపెనీకి రాశాను, అయ్యా, మా ఊరి బండల లారీల దారిలో మీ బిస్కెట్లు నుగ్గునుగ్గయి చేరుతున్నాయి, చెంచాతో తినవలసి వస్తోంది గనుక చెంచా కూడా మీరే పంపాలి అని. ఊరగాయల కంపెనీకి, మీ ఆవకాయను మా సీమ పిల్లలు మిఠాయి అనుకొని నాకుతున్నారు, కారం అనేది ఒకటి ఉందని మీకెవరైనా చెప్పారా అని. ఊరగాయల వాళ్లు ఒక చిన్న సీసా ఉచితంగా పంపారు, బిస్కెట్ల వాళ్లు అచ్చు వేసిన కాగితం ఒకటి పంపి ఊరుకున్నారు. ఏదైతేనేం, సైకిలు నా గుమ్మం ముందు ఆగింది.

తరువాత సేమ్యా కంపెనీకి రాశాను. అది ఎక్కడో పరాయి రాష్ట్రంలో ఉంది, నాకేమో తెలుగులో తప్ప అల్లరి చేయడం చేతకాదు, సరే, తెలుగులోనే దంచాను. మీ సేమ్యాతో పాయసం చేస్తే వీధి వీధంతా గిన్నెలు పట్టుకొని వచ్చింది, నాకు గరిటెడు కూడా మిగల్లేదు, ఈ నష్టం మీరే పూడ్చాలి అని. నిజానికి ఆ పాయసం నేనొక్కదాన్నే రెండు పూటలు తిన్నాను. పక్కన కూర్చొని చూస్తున్న పెద్దమ్మ, "ఏందమ్మా, అడిగేది ఉట్టిగనే అడిగితే యాడొస్తాది? శుభమైన జాబుకు పసుపు ఉండాల" అంటూ లోపలికి పోయి, తడిపిన పసుపు తెచ్చి కాగితం నాలుగు మూలలా తనే పూసింది. కొత్త చేటకూ పసుపే, కొత్త చీపురుకూ పసుపే ఆమెకు. నేను నవ్వుకొని పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

కొంతకాలానికి పోస్టాయన ఒక పెద్ద పెట్టె మోసుకొచ్చి, వీధి మధ్యలోనే నిలబడి అరిచాడు. "ఏం టీచరమ్మా, మాకు ఒక మాటైనా చెప్పకుండా పెండ్లి చేసుకుంటివే!" పెట్టె మీద మిస్టర్ అండ్ మిసెస్ అని, ఆ పక్కన నా పేరు. లోపల ఇంగ్లీషు ఉత్తరం. మీ వివాహ ఆహ్వానం అందింది, మీ భాష మాకు రాదు, పసుపు మూలలు చూసి మా ఆఫీసులో ఒకరు ఇది తెలుగువారి శుభలేఖ అని చెప్పారు, పెళ్లికి రాలేకపోయినందుకు మన్నించండి, దంపతులిద్దరూ చల్లగా ఉండండి అని. దాని కింద బోలెడన్ని సేమ్యా పొట్లాలు, స్టీలు గిన్నెలు ఒక జత.

పెద్దమ్మ ముందు నోరు నొక్కుకుంది, తరువాత నా తల నిమిరి, "శకునం శానా బాగుండాది తల్లీ. ఇది ఒచ్చిండాదంటే అదీ ఒస్తాదిలే" అంది. నేను నమ్మాను. చదువుకున్నదాన్నే, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్నే, అయినా నమ్మాను. ఆ గిన్నెలు కడిగి, బావా నేనూ ఇద్దరమూ తినే రోజు కోసం అటక మీద పెట్టాను.

అదీ వచ్చింది. బడి చిరునామాకే వచ్చింది, నాలుగు మూలలా పసుపుతో. బావ పెళ్లి శుభలేఖ, పెళ్లికూతురు ఎవరో. బంధువులందరితో పాటు నాకూ పంపాడు, జాబు రాస్తానన్న మాట తప్పలేదు పాపం. పోస్టాయన ఆ పూట జాబు చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా సైకిలు తిప్పుకొని పోయాడు. నేను గదికి వచ్చి తలుపు వేసుకొని కడుపారా ఏడ్చాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది?

సాయంత్రం సేమ్యా కంపెనీకి జవాబు రాయడానికి కూర్చున్నాను. పొరపాటు జరిగింది, ఇక్కడ పెళ్లీ లేదు పాడూ లేదు అని రాయాలనే కూర్చున్నాను. తీరా కలం నడిచింది వేరే దారిన. మీ కానుక అందింది, పాయసం మా ఇద్దరికీ బాగా నచ్చింది, ఆయనకు మాత్రం తీపి కొంచెం తక్కువ ఉండాలి అని రాసి, కింద సంతకం చేశాను. ఈ పెద్ద భూమ్మీద నేను కాపురం చేసింది ఆ ఒక్క కాగితం మీదే. ఆ తరువాత సంబంధాలు రాకపోలేదు. నాన్న పోవడం, తమ్ముళ్ల చదువులు, బదిలీలు, ఏదో ఒకటి అడ్డం రావడం, నాకే వద్దనిపించడం, అలా జరిగిపోయింది.

మొన్న పాయసం ఒకే గిన్నెలో పోసుకొని ఫోను తిప్పి చూస్తే ఆ ప్రశ్న ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఒకటి నొక్కాను. రెప్పపాటులో ధన్యవాదాలు వచ్చాయి. ఒక్కరేనా అని అడగలేదు, అయ్యో అనలేదు. ఆ కాలంలో ఒక కాగితం మీది పసుపు చూసి, ఎవరో ఏమిటో తెలియని మనుషులు నాకు పెళ్లయిందని సంబరపడి, రాలేకపోయామని నొచ్చుకొని, పెట్టె కట్టి పంపారు. తప్పుగా అర్థం చేసుకోవడానికైనా అవతల ఒక మనిషి ఉండాలి కదా. పాయసంలో చక్కెర తక్కువైంది. ఆ జాబు రాసినప్పటి నుంచి ఇన్నేళ్లుగా, ఎందుకో, నేను తక్కువే వేస్తాను.