ఒక్క చుక్క హనుమయ్య

ఎంతసేపూ మీ తాత మీసాల సంగతి అడుగుతారు గానీ, హనుమయ్య ఎవరే నాయనమ్మా అని ఒక్కళ్ళన్నా అడిగారర్రా? సిగ్గుండాలి! మీ తాతకి సొంత తమ్ముడు. ఇదే భవానీపురంలో, మన వెనక వీధిలో ఉండేవాడు. మనిషి ఎదురైతే మొహం చూసేవాడు కాదు, వేలు చూసేవాడు. బాగున్నారా అనడు. "ఒక్క చుక్క ఇస్తారా?" అంటాడు. రక్తం చుక్క!

అక్షింతలు వెయ్యమంటే వెళ్ళి పెళ్ళికూతురి వేలు పట్టుకున్నాడొకసారి. వాడు వీధిలోకొస్తే జనమంతా చేతులు వెనక్కి దాచేసేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం, చేతుల్లేని మనుషుల్లా గుమ్మాల్లో నిలబడి చూసేవాళ్ళు. నాకే ఒళ్ళు జలదరించేది.

ఇంజనీరింగు కాలేజీ ల్యాబులో పని వాడిది. షుగరు కొలిచే మిషను చేస్తానని పట్టు. ఒకరోజు చిన్న సీసా తెచ్చాడు.

"ఇందులో వెండి తీగలున్నాయొదినా."

"నీళ్ళు కదరా!"

"వెంట్రుకని వెయ్యి చీలికలు చేస్తే ఎంతో, అంత సన్నం. కంటికానవు."

సీసా ఊపాడు. నీళ్ళలో పాము కదిలినట్టు ఒక మెరుపు మెలికలు తిరిగింది. ఇంకో డబ్బీ మన ఫ్రిజ్జులో, పెరుగు గిన్నె పక్కన పెట్టాడు.

"ఇది ఎంజైము. తీగలకి అంటిస్తా. రక్తంలో చక్కెర దొరికితే తింటది. అప్పుడు రవ్వంత కరెంటు పుడితే తీగలు మోసుకొస్తాయి."

"బతికుందా?"

"లేదు."

"చచ్చిందా?"

"లేదొదినా."

"మరి?"

"ఆకలి మాత్రం ఉంది."

ఆ వారమంతా నేను పెరుగు ముట్టలేదు.

చివరికి నా వేలూ దొరికింది వాడికి. షుగరని తేలింది. డాక్టరు మాత్రలిచ్చాడు. మాత్రలు మింగుతూనే శనివారం ఉపవాసాలూ ఉండేదాన్ని.

"చక్కెర బాగా పడిపోతే ప్రాణం పోద్దొదినా!"

"పోతే పోద్ది, నీకేంట్రా?"

తీగల పట్టీ ఒకటి నా జబ్బకి అంటించి పోయాడు.

మర్నాటి నుంచీ మొదలైంది. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగే వేళకి పెరటి గోడవతల టిక్కు, టిక్కుమని చప్పుడు. తొంగి చూస్తే ఎవరూ లేరు. మీ తాత పోయి అప్పటికి ఏడాది. పక్కింటి భద్రమ్మ గుండెలు బాదుకుంది.

"మామయ్యగారేనత్తా! నిన్ను తీసుకుపోడానికొచ్చారు."

గుప్పెడు కారం గోడ మీదుగా విసిరాను. అవతల ఎవరో తుమ్మారు.

"దెయ్యాలకి జలుబేంటే?" అన్నాను. భద్రమ్మ అప్పటికే వాళ్ళింట్లో ఉంది.

ఓ శనివారం, ఇంట్లో ఒక్కదాన్నే. చెమటలు పట్టాయి, నాలుక మడత పడింది, గోడలు దూరం జరిగాయి. పిలుద్దామంటే గొంతు రాలేదు. టిక్కు టిక్కు కాస్తా టకటకా అయింది. గోడ మీద రెండు చేతులు లేచాయి. వచ్చేశాడు మీ తాత అనుకున్నాను. దూకింది హనుమయ్య, మెడలో టకటకలాడే చిన్న మిషనుతో. నోట్లో పంచదార నీళ్ళు పోశాడు.

"నేను పిలవలేదు కదరా," అన్నాను తేరుకున్నాక.

"నువ్వు కాదు, నీ రక్తం పిలిచింది."

"రోజూ ఆ ఎండలో కూర్చుంది నువ్వా?"

"ఆ పట్టీ మాట పది గజాలు దాటి వినపడదొదినా. ఇంట్లోకొస్తే తిడతావని..."

"తిట్టక? కారం పడ్డప్పుడన్నా నోరెత్తొచ్చుగా!"

"తుమ్మాగా."

మర్నాడు పెరట్లో కుర్చీ వేయించి, మజ్జిగ పెట్టి, వేలు చాపాను. ఒక్కటి చాలంటే పదీ చూపించాను.

హనుమయ్య అరవై ఎనిమిదో ఏట పోయాడు.