మరగతం అంగడి

ముత్తియాల్‌పేటలో అంబుజం ఇడ్లీ పిండి కొనని ఇల్లు తక్కువ. భర్త పనిచేసే నూలుమిల్లు మూతపడి, ఆయన వసారాలో కుర్చీకి అతుక్కుపోయాక, ఆ కుర్చీ పక్కనే గ్రైండరు పెట్టి సంసారాన్ని ఈడ్చుకొచ్చిన మనిషి ఆమె. కూతురు అనుప్రియను ఎం.ఏ. చరిత్ర దాకా చదివించింది ఆ పిండే. కానీ ఇల్లు సందులోపల ఎక్కడో ఉంది. రోడ్డు మీద నలుగురికీ కనిపించే అంగడి ఒకటి దొరికితే చాలని ఆమె ఆశ. ఆశపడడంలో తప్పేమీ లేదు. ఆమె కన్నుపడ్డ అంగడిలో అప్పటికే మరగతం ఉండడమే చిక్కు.

మరగతం సందు మొదట్లోని ఆ అంగడిలో ఏళ్ళ తరబడి జాకెట్లు కుడుతోంది. ఇద్దరికీ రక్తసంబంధం లేదు. తరాల కిందట ఈ తమిళ ఊరికి వచ్చి స్థిరపడ్డ తెలుగిళ్ళు, అంతే. ఒకరినొకరు వదినా అని పిలుచుకోవడానికి ఆ ఊళ్ళో అది చాలు. అంబుజం పిండిని అడిగేవాళ్ళే లేని రోజుల్లో, జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషినీ "మా వదిన కాడ పిండి తీసుకోని పోండి" అని సందులోకి తోలింది ఈ మరగతమే.

ఆ మరగతానికి తెలియకుండా అంబుజం ఒకనాడు అంగడి యజమాని అనంతరామన్ ఇంటికి వెళ్ళింది. ఇప్పుడొచ్చే బాడుగ కంటే తను ఎక్కువిస్తానంది. వదినకు చూపు ఆనడం లేదు, జనమంతా రెడీమేడ్ కొంటున్నారు, ఎట్లాగూ మూతపడే అంగడేగదా అని దారి పొడవునా తనకు తనే నచ్చజెప్పుకుంది. ఆలోచించి చెబుతానన్నాడు ఆయన.

మర్నాడో ఆ మర్నాడో, సాయంత్రం అనుప్రియ పరీక్షకు చదువుతోంది. ఎవరికైనా అప్పజెబితే గాని ఆ పిల్లకు పాఠం తలకెక్కదు. వినే వంతు ఎప్పుడూ అమ్మదే.

"అయిదు వందల ఏండ్ల కిందటమ్మా, స్పెయిన్ రాజు యూదుల్ని తరిమేసినాడు. వాళ్ళు టర్కీ సుల్తాను రాజ్యంలో సలోనికా అనే ఊరికి పోయి చేరినారు. యాడ నుంచి వచ్చినోళ్ళు ఆ ఊరి పేరుతోనే గుడి పెట్టుకున్నారు. సుల్తాను సిపాయిలకి ఉన్ని బట్ట నేసి ఇచ్చేది. పన్ను కూడా బట్టగానే కట్టేది."

"మీ నాయన మిల్లు మాదిరా?" గ్రైండరు కడుగుతూ అడిగింది అంబుజం.

"అట్లే అనుకో. వాళ్ళల్లో ఒక కట్టుబాటు ఉండె. ఒక యూదుడు బాడుగకుండే అంగడికి ఇంకో యూదుడు ఓనరు కాడికి పోయి నేను ఎక్కువిస్తానని అడగకూడదు. అడిగితే సంఘం వెలేస్తుంది."

"ఎందుకంట?"

"ఒకడు పోటీకి పోతే ఓనరుకి ఆశ పుట్టదా? అందరికీ బాడుగ పెంచేస్తాడు. ఏందమ్మా, అట్లా నిలబడిపోతివి?"

"ఏం లేదు. నువ్వు చదువు."

ఎక్కడి యూదులో, ఏనాటి సుల్తానో, వాళ్ళ కట్టుబాటు వచ్చి ఆ రాత్రి అంబుజం గడపలో నిలబడింది. తన వాళ్ళలో వెలివేసే సంఘమేదీ లేదు. అడిగేవాళ్ళు లేరు గనకే తాను వెళ్ళగలిగిందని ఆమెకు తెలుసు. సిగ్గేసింది.

తెల్లారగానే అనంతరామన్ ఇంటికి పరిగెత్తి, అంగడి వద్దని చెప్పింది. ఆయన నొచ్చుకోలేదు. మీకు వద్దంటే మరగతమే ఉండనీ, కానీ మీరు చెప్పిన బాడుగే ఇవ్వాలి, ఎవరో అంతకు అడిగారని నిన్ననే ఆమెకు చెప్పేశాను అన్నాడు తమిళంలో. ఆ అంగడికి అంత వస్తుందని మీరు చెప్పేదాకా నాకు తెలీదమ్మా అని నవ్వాడు కూడా.

అంబుజం నేరుగా అంగడికి వచ్చింది. మరగతం కుట్టాల్సిన గుడ్డలను మూట కడుతోంది.

"ఎవరో పెద్ద యాపారస్తులు అడిగినారంట వదినా. ఆ బాడుగ నావల్ల కాదు. ఇంట్లోనే కుట్టుకుంటా," అంది. "ఎవరో పరాయోళ్ళకి పోయేదానికంటే నువ్వు తీసుకోరాదా? రోడ్డు మీద చోటు కావాలంటివే. కొంచెం తగ్గించమని నేనే ఆయనకి చెబుతా."

ఊరుకుందామా అనిపించింది అంబుజానికి ఒక్క క్షణం. ఊరుకుంటే అంగడీ దక్కేది, వదినా దక్కేది.

"అడిగింది నేనే," అంది చివరికి.

మరగతం మూట ముడి బిగించింది.

"కండ్లు కనపడక నేనే వదిలేద్దామనుకుంటా ఉండా. నన్నడిగుంటే పాత బాడుగకే ఇప్పించుందును గదా," అంది. మూట పక్కకు జరిపి, "పోయి రా, అంబుజం" అంది.

పేరు పెట్టి పిలవడం అదే మొదలు.