దేవవ్వ తడిపిన ఆకు

దేవవ్వ బీడీలు చుట్టినంత వేగంగా నేను అబద్ధాలు కూడా ఆడలేను. ఆ మాట నేనే ఒప్పుకుంటున్నానంటే ఆమె చేతి ఒడుపు ఎంతటిదో అర్థం చేసుకోండి. ఎడపల్లి దాటాక చెరుకు తోటల మధ్య మా ఊరు. దేవవ్వ తొమ్మిదో ఏట ఒళ్ళో చాట పెట్టుకుని చుట్టడం మొదలుపెట్టింది. పెళ్ళయినా, ఇద్దరు పిల్లలు పుట్టినా చాట దించలేదు. భర్త ఎర్రన్న చెరుకు బండి కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాక ఇక దించే వీలే లేదు.

బోధన్‌లో బీడీలు తీసుకునే కార్ఖానా వాళ్ళు ఇచ్చిన కార్డు ఆమె దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉంది. కార్డు చూపిస్తేనే ఆకు, తంబాకు ఇస్తారు. కార్డు చూపిస్తేనే బీడీ కార్మికుల దవాఖానలో ఎర్రన్న కాలుకు మందు రాస్తారు. అందుకే ఆమె దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరును డబ్బాలో పెట్టి, డబ్బాను పెట్టెలో పెట్టేది.

తొంభై నాలుగులో మా ఇళ్ళకు రెండు చెలకల దూరంలో ఒక కొత్త కార్ఖానా లేచింది. చక్కెర తీయగా మిగిలిన మడ్డిని పులియబెట్టి స్పిరిటు తీస్తారక్కడ. స్పిరిటు పోగా మిగిలిన నల్లటి నీళ్ళను మా ఊరి వైపు తవ్విన గుంటలో నింపేవారు. కుళ్ళిన కోడిగుడ్లను మాడిన బెల్లంలో కలిపి ఎండకు పెడితే వచ్చే వాసన అది. గాలి మా వైపు తిరిగితే పెళ్ళికి వచ్చిన చుట్టాలు కట్నం చదివించి, భోజనం ముట్టకుండా బస్సెక్కేవారు. ఆ లెక్కన పెళ్ళివాళ్ళకు కొంత లాభమే అయింది.

దేవవ్వకు మాత్రం లాభం కాలేదు. తునికాకును సాయంత్రం నీళ్ళలో తడిపి, తడి గోనెలో చుట్టి పెడితే పొద్దున కత్తెరకు మెత్తగా తెగుతుంది. తడిసిన ఆకు చుట్టూ ఉన్న గాలిని పీల్చుకుంటుంది. పొద్దున ఆ ఆకుతో చుట్టిన బీడీకి కూడా అదే వాసన.

బోధన్‌లో బీడీలు చూసి తీసుకునేది బాపురావు. ఆయన ఒక కట్ట విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని దూరం జరిపాడు.

"ఏం దేవవ్వా, బీడీలు చాట్ల చుట్టినవా, మురికి మోరీల చుట్టినవా?"

"నీ ముక్కు గట్లున్నదేమో సూడు బాపురావన్నా."

"నా ముక్కు మంచిగనే ఉన్నది. మూడో వారం గిది. ఇంకో నెల సూస్త. గిట్లనే తెస్తే కార్డు వాపస్ తీసుకొమ్మని సేటు చెప్పిండు. నా చేతుల లేదు అవ్వా."

ఆమె ఇంటికి వెళ్ళలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చింది. నేను పదో తరగతి పరీక్ష మూడుసార్లు రాశాను. ఊళ్ళో ఇంకెవరూ అన్నిసార్లు రాయలేదు కాబట్టి దరఖాస్తు రాయడంలో నాకంటే అనుభవం ఉన్నవాడు లేడు.

"కాలుష్యం ఆఫీసోళ్ళకు రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి," అంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరు వస్తారు? వాసనకు కాకులు చెట్ల మీది నుంచి రాలుతున్నాయని, రామస్వామి బర్రె రెండుసార్లు మూర్ఛపోయిందని రాశాను. సర్పంచ్ రాజనర్సు సంతకం పెట్టాడు. పదిహేను రోజులకు హైదరాబాద్ నుంచి ఒక ఇంజనీరు వస్తున్నాడని జాబు వచ్చింది. నా బర్రె వల్లే వచ్చాడని ఇప్పటికీ నా నమ్మకం.

ఊరికి పెద్ద ఆఫీసరు రావడం అదే మొదలు. రాజనర్సు చాటింపు వేయించాడు. ఆడవాళ్ళు వాకిళ్ళు ఊడ్చి, అలుకు చల్లి, ముగ్గులు వేశారు. మోరీల్లో సున్నం పోశారు. సర్పంచ్ ఇంటి ముందు ఊదు పొగ వేశారు. ఇంటింటి గడపకూ ఊదుబత్తులు గుచ్చారు. నేను మెడకు అత్తరు రాసుకున్నాను. దేవవ్వ కూడా తక్కువ తినలేదు. బీడీల చాటను, ఆకు గోనెను వెనక గదిలో దాచి, ముందు గదిలో నాలుగు ఊదుబత్తులు ముట్టించింది.

జీపు దిగిన ఇంజనీరు ఊరంతా తిరిగాడు. నాలుగు చోట్ల ఆగి, చివరికి దేవవ్వ వాకిట్లో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు.

"ఏ వాసనా లేదే. ఊదుబత్తి వాసన వస్తోంది."

"మైసూర్‌వి సార్. నిజామాబాద్ నుంచి తెప్పించినం," అన్నాడు రాజనర్సు ఛాతీ విరుచుకుని.

"వాసన లేదని రాసుకోవాలా మరి?"

అప్పుడుగానీ మాకు తెలివి రాలేదు. రాజనర్సు ఛాతీ లోపలికి పోయింది.

"మూర్ఛపోయిన బర్రె ఏది?" అన్నాడు ఇంజనీరు.

"మేతకు పోయింది సార్," అన్నాను. అది మాత్రం నిజం.

ఆయన సంచీలోంచి కాగితం తీశాడు. ఆ కాగితం మీద వాసన లేదని పడితే గుంట అక్కడే ఉంటుంది, నెల తిరిగేసరికి కార్డు పోతుంది. దేవవ్వ వెనక గదిలోకి పరుగెత్తి గోనె మూట ఒక చేత్తో, ఎండు ఆకు కట్ట ఒక చేత్తో తెచ్చింది.

"సారూ, జెర్ర ఆగు. రెండూ ఒక్క కట్టల ఆకే. గిది తడపలే, పెట్టెల ఉండె. గిది నిన్న తడిపి వాకిట్ల పెట్టిన. సూడు."

ఇంజనీరు ఎండు ఆకు వాసన చూశాడు. తర్వాత గోనె విప్పి వంగాడు, వెంటనే తల పక్కకు తిప్పుకున్నాడు.

"తడిస్తే ఆకే ఇలా వాసన వస్తుందేమో అమ్మా?"

"అయితే నువ్వే తడుపు. బోధన్ల పండుకుంటవు గద? నీ గదిల పెట్టుకో. నేను నా వాకిట్ల పెడ్త. రేపు రెండూ సూడు. నాకు చెప్పకు ఏది యాడిదో, నేను చెప్త."

"నీకు మంచి కొలువు దొరికింది సార్, ఆకును పండబెట్టుడు," అన్నాడు గడపలో కూర్చున్న ఎర్రన్న.

ఇంజనీరు నవ్వాడు. వాసనను కొలిచే యంత్రం తన ఆఫీసులో లేదని, ముక్కుతో చూసి రాస్తే పై వాళ్ళు కొట్టేస్తారని చెప్పాడు. అయినా ఆకు తీసుకున్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం రాజనర్సుతో, "రేపు ఒక్క ఊదుబత్తి కనిపించినా వెనక్కి పోతాను," అన్నాడు.

మర్నాడు పొద్దున ఊళ్ళో అగ్గిపుల్ల గీసినవాడు లేడు. ఊరు తన సొంత వాసనతో ఉంది. ఇంజనీరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకునే జీపు దిగాడు. దేవవ్వను గోడ వైపు తిప్పి, రెండు మూటల్లోంచి కొన్ని కొన్ని ఆకులు తీసి మొత్తం పది చేశాడు. వాటిని కలిపి ఒక్కొక్కటి ఆమె చేతికిచ్చాడు.

"మా వాకిలి... మా వాకిలి... గిది బోధన్. సారు సబ్బు వాసనొస్తున్నది."

పదీ తప్పు లేకుండా చెప్పింది. ఇంజనీరు తర్వాత తనే కళ్ళు మూసుకుని వాసన చూశాడు, రాజనర్సు చూశాడు. ఎవరూ తప్పు చెప్పలేదు. ఆయన అవన్నీ రాసుకుని, తను సంతకం పెట్టి, మిగతా ఇద్దరితోనూ పెట్టించి, గుంట నీళ్ళు సీసాలో పట్టుకుని వెళ్ళాడు.

పదికి పది కుదిరిన ఆ కాగితాన్ని పై వాళ్ళు కొట్టేయలేదు, దాని మీదే స్పిరిటు కార్ఖానాకు నోటీసు వచ్చింది. ఇళ్ళ వైపు గుంటలో నీళ్ళు వదలొద్దు, మూడు నెలల్లో దాన్ని ఖాళీ చేసి మట్టి నింపాలి. బాపురావు ఇచ్చిన గడువేమో నెల. నోటీసు చూపిస్తే, "గిది వాళ్ళకు గద, మా సేటుకు గాదు," అన్నాడు.

దేవవ్వ ఆ మూడు నెలలూ ఆకును ఎడపల్లిలో ఉన్న చెల్లెలు ముత్తవ్వ ఇంట్లో తడిపింది. పొద్దున నడిచి వెళ్ళి, అక్కడే చుట్టి, సాయంత్రం నడిచి వచ్చి ఎర్రన్నకు వండిపెట్టింది. స్పిరిటు కార్ఖానా వాళ్ళు మూడు నెలలను అయిదు చేశారు. ఆమె అయిదు నెలలూ నడిచింది.

గుంట పూడ్చాక మొదటిసారి తన వాకిట్లోనే ఆకు తడిపి, ఆ బీడీలు తీసుకుని బోధన్ వెళ్ళింది. బాపురావు కట్ట విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకో కట్ట విప్పాడు.

"యాడ తడిపినవ్ గివి?"

"మా ఇంట్ల."

ఆయన కార్డు మీద లెక్క రాసి ఆమె ముందుకు జరిపాడు. దేవవ్వ దాన్ని కవరులో పెట్టుకుని, "మా వాకిట్ల జాగ మస్తున్నది బాపురావన్నా, వచ్చే వారం ఆకు ఇంకో కట్ట ఎక్కువియ్యి," అంది.